శిఖరం మీది ఇత్తడి పలక

మా అన్నయ్యకు ఎదుటివాడు ఏడిస్తే గానీ నవ్వు రాదు. చిన్నప్పుడు ఏడవడానికి నేనుండేదాన్ని. నా పెళ్లయ్యాక మా ఆయన దొరికాడు.

మా ఆయన లోహపు పలకల మీద ఉలితో అక్షరాలు చెక్కేవాడు. మా ఊరి దగ్గరి అడవి కొండ శిఖరం మీద, కొండ పేరూ ఎత్తూ ఉన్న ఇత్తడి పలక ఆయన చేతి పనే. ఎక్కినవాళ్లంతా దాన్ని తాకి ఫొటో దిగుతారు. దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ ఆ సంగతి చెప్పుకుని మురిసిపోయేవాడు గానీ, పనిలో పడి తను మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు. ఇప్పుడు చూపు పోయింది. ఒక్కసారి ఆ పలకను తడిమితే చాలని ఇంట్లో ఒకటే పోరు.

అన్నయ్య ఆ కొండకు జనాన్ని తీసుకెళ్లే గైడు. "నేను తీసుకెళ్తాలే బావా" అన్నాడు. వాడి సంగతి నాకు తెలుసు. నేనూ బయలుదేరాను.

కొండ మొదట్లో కాపలాదారు గది ఉంది. వాన వెలిసి అంతా బురద. గుమ్మం ముందు మట్టి కొట్టుకుపోయిన రేకు ఒకటి పరిచి ఉంది.

"బూట్లు దానికి రుద్దు బావా, లోపల గచ్చు పాడైతే తిడతారు" అన్నాడు అన్నయ్య. మా ఆయన రుద్దాడు. "ఇంకాస్త గట్టిగా."

"గరుగ్గా భలే ఉంది బావా, బురదంతా ఊడొచ్చింది" అన్నాడు మా ఆయన. అన్నయ్య పక్కకు తిరిగి భుజాలు కదిలేలా నవ్వాడు. ఎందుకో నాకర్థం కాలేదు.

మా ఆయన నా భుజం పట్టుకుని కొండెక్కాడు. నిటారు రాళ్ల దగ్గర పాకాడు. పడి మోచెయ్యి చీరుకుపోయినా ఆగలేదు. పైన అన్నయ్య ఆయన చెయ్యి పట్టి పలక మీద పెట్టాడు. మా ఆయన మొహం ముందు వెలిగింది, తర్వాత వాడిపోయింది.

"ఇది నాది కాదు. నేను చెక్కితే అక్షరం లోపలికుంటుంది. ఇవి పైకి ఉబ్బి ఉన్నాయి. నన్ను సగంలో ఆపేశావు కదూ బావా? పద, పైకి పోదాం."

అడుగు ముందుకేశాడు. అవతల లోయ. చొక్కా పట్టి లాగాను.

"ఏమండీ, ఇదే శిఖరం. ఇంక పైన ఏం లేదు."

"నువ్వు కూడానా?" అన్నాడు నాతో.

ఆ మాటకు నాకు చచ్చిపోవాలనిపించింది.

అన్నయ్య ఇక ఆపుకోలేక పగలబడి నవ్వాడు. "శిఖరమే బావా! ఏడాది కిందట పోతపోసిన పలక పెట్టారు. పాతది నేనే దింపాను. ఎక్కడుందో తెలుసా? పొద్దున బూట్లు తుడుచుకున్నావే, అదే!"

మా ఆయన మళ్లీ నా భుజం పట్టుకుని దిగాడు. కింద గుమ్మం ముందు మోకాళ్ల మీద కూర్చుని, గోళ్లతో మట్టి గీకుతూ ఒక్కో అక్షరం తడిమాడు. సగం అరిగిపోయాయి. నేను అన్నయ్యను నోటికొచ్చినట్టు తిట్టాను. "సరదాకి చేస్తే ఇంత రాద్ధాంతమా!" అన్నాడు వాడు.

అంతలో కొండ ఎక్కేవాళ్ల గుంపొకటి వచ్చింది.

"పెద్దాయనా, కాస్త జరుగుతారా? బూట్లు తుడుచుకోవాలి."

మా ఆయన చేతులు తీసేసి పక్కకు జరిగాడు.

"గట్టిగా రుద్దండి బాబూ, బురదంతా ఊడొస్తుంది" అన్నాడు.