పళ్ళెం కాపలా

భోజనాల గదిలో అందరి చేతులూ కనిపించే మూల చూసుకుని కూర్చుంది డేగ. ఆ పేరు అక్కడ తినడానికి వచ్చేవాళ్ళు పెట్టిందే. ఎదురుపడితే మాత్రం "అక్కా" అంటారు.

జనం ఏం తింటే ఒంటికి మేలో, నేలకూ నీళ్ళకూ భారం కాదో తేల్చి దేశమంతటికీ చెప్పాలని ఆ భోజనాల గది నడిపే పరిశోధనాలయం పూనుకుంది. కొందరిని పిలిచి, మాంసం తగ్గించి, పప్పులూ కూరగాయలూ పెంచి, మధ్యాహ్నం అక్కడే వడ్డిస్తారు. రాత్రికి డబ్బా కట్టి పంపుతారు. పెట్టినదంతా కడుపులోకే పోతోందా లేదా అని చూడటం డేగ ఉద్యోగం. ఒక గుమాస్తా ఉడికిన క్యారెట్లు మేజోడులో దాచుకుపోతుంటే, వెనకాలే వెళ్తున్న చీమలబారును చూసి పట్టేసింది. ఆ గుమాస్తా మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

పుట్టుకతో అనుమానపు మనిషి కాదామె. పెళ్ళయిన కొత్తలో మొగుడు "బయట తిన్నానులే" అంటే, పాపం పని ఒత్తిడి అనుకుని గిన్నెల మీద మూతలు పెట్టేసేది. ఆ 'బయట' పక్కవీధిలో ఇంకో ఇల్లని ఊరందరికీ తెలిశాక, చిట్టచివరికి ఆమెకు తెలిసింది. అప్పటినుంచి ఎవరు "తిన్నాను" అన్నా ఆమెకు ఒళ్ళంతా చెవులే. కొడుకునూ కోడలినీ కూడా వదల్లేదు. వాళ్ళు వేరే కాపురం పెట్టుకున్నారు.

ఆ పొద్దున పరిశోధనాలయం డాక్టరమ్మ ఆమెను పక్కకు పిలిచింది. "ఆ లిఫ్టు పెద్దాయన బరువు తగ్గిపోతున్నాడండీ. పరీక్షల్లో ఏ జబ్బూ లేదు. మధ్యాహ్నం సరిగ్గా తింటున్నాడా?"

"మెతుకు వదలడు. డబ్బా దగ్గరే ఏదో ఉంది. అమ్ముకుంటున్నాడేమో!"

ఓ పెద్ద భవనంలో లిఫ్టు నడిపి రిటైరైన మనిషి ఆయన. ఎప్పుడూ డేగకు ఎదురుగానే కూర్చుంటాడు. దొంగ ఎవడైనా పోలీసు ఎదురుగా కూర్చుంటాడా? అదే ఆమెకు మింగుడుపడలేదు.

"పెద్దాయనా, నిన్న రాత్రి డబ్బా తిన్నారా?"

"తిన్నానమ్మా, శుభ్రంగా," అన్నాడాయన పళ్ళెంలోంచి తలెత్తకుండా.

ఆ మాటతో ఆమె అనుమానం రూఢి అయిపోయింది. సాయంత్రం ఆయన వెనకాలే నడిచింది. ఆయన ఏ కొట్టు దగ్గరా ఆగలేదు. ఇరుకు మెట్లెక్కి గది తెరిచాడు. తలుపు ఓరగా ఉంది. డబ్బా విప్పి, బల్ల మీద పెట్టుకుని, చేయి కడుక్కుని కూర్చున్నాడు. ముద్ద కలిపాడు. నోటిదాకా తెచ్చి దించేశాడు. కాసేపు గోడకేసి చూసి, ఆ ముద్ద ఒక్కటీ పక్కన పెట్టి, మిగిలినదానికి మూతపెట్టి, ఎదురింటి పిల్లలకు ఇవ్వడానికి లేచాడు.

గుమ్మంలో డేగ నిలబడి ఉంది.

"శుభ్రంగా తిన్నానన్నారు!"

ఆయన బెదరలేదు. "మా ఆవిడ పోయాక ఎదురుగా మనిషి లేకపోతే ముద్ద దిగడంలేదమ్మా. అక్కడైతే నువ్వుంటావుగా."

"నేను కాపలాకి కూర్చుంటాను."

"తెలుసులే. అయినా మనిషివేగా!"

డేగ మెట్లు దిగింది. ఇంటికెళ్ళి పొయ్యి ముందు నిలబడి, గిన్నెలోంచే నాలుగు ముద్దలు తిని లైటు ఆర్పేసింది.

మర్నాడు వాన. డాక్టరమ్మకు ఉన్నదున్నట్టు చెప్పింది. అబద్ధం ఆడదామని నోరు తెరిచింది కానీ, నిజమే బయటికొచ్చింది.

"పాపం," అంది డాక్టరమ్మ. "కానీ ఆయన లెక్క ఇక పనికిరాదు. అందరి తిండీ తేల్చాల్సింది ఈ లెక్కల మీదేగా. ఈ రోజు నుంచి రావద్దని నేనే చెప్తాను."

పెద్దాయన గొడవ పడలేదు. డాక్టరమ్మ దగ్గర్నుంచి భోజనాల గది గుమ్మం దాకా తిరిగొచ్చి, "నీ పని నువ్వు చేశావు, తప్పేముంది," అన్నాడు.

"ఇంకెక్కడ తింటారు?"

"చూద్దాంలే," అంటూ తలమీద రుమాలు కప్పుకుని వానలోకి దిగాడు.

వడ్డన మొదలైంది. అందరి చేతులూ చూడాల్సిన డేగ ఎదుటి కుర్చీనే చూస్తోంది. పెద్దాయన వచ్చీరాగానే దాని వీపుకు తగిలించిన నల్ల గొడుగులోంచి నీళ్ళు ఒక్కో చుక్కే నేలమీదికి జారుతున్నాయి.