హన్మవ్వ జ్వరం

“ఏమీ పెరగలేదు” అని రాసిన రక్తపరీక్ష రిపోర్టు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. క్రిమి మన గిన్నెలో పెరగలేదని దాని అర్థం. జనమేమో రోగమే లేదని చదువుకుంటారు. హన్మవ్వకు జరిగింది అదే.

బోధన్ పక్క ఊళ్లో మేకలు కాసే మనిషి ఆమె. నెలల తరబడి జ్వరం, ఆయాసం. రెండు ల్యాబుల్లో రక్తం పరీక్షించినా ఏమీ దొరకలేదు. గుండె డాక్టరుకు మాత్రం కవాటం మీద అనుమానం వచ్చి, నిజామాబాద్‌లోని మా ల్యాబుకు పంపాడు.

“పని ఎగ్గొట్టనీకి నకరాలు జేస్తున్ననంటడు బిడ్డా నా కొడుకు,” అంది రక్తం ఇస్తూ. “కాయితంల ఏం లేదని ఉన్నదట. నేనేం జెప్పాలె?”

“అవ్వా, మేకలు ఈనేటప్పుడు పిల్లల్ని ఎవరు తీస్తరు?”

“నేనే. వాడకట్టుల ఎవరి మ్యాక ఈనినా నన్నే పిలుస్తరు.”

నాకు వెలిగింది. మేక ఈనాక పడే మాయలో ఉండే క్రిమి ఒకటుంది. ఇల్లరికపుటల్లుడి రకం. బయట పెట్టిన తిండి ముట్టదు, బతికున్న కణంలో దూరి అక్కడే తిని అక్కడే పెరుగుతుంది. అందుకే ఫ్లాస్కులో కణాలు పెంచి, వాటి మీద హన్మవ్వ రక్తం వేయాలనుకున్నాను.

మా ల్యాబు పెద్దాయన మధుకర్ సార్‌కు శుభ్రమంటే ప్రాణం. కణాల తిండిలో యాంటీబయాటిక్ కలపనిదే ఊరుకోడు.

“గా మందు కలపకుంటే వేరే క్రిములు పడ్తయి హుస్నా. రేపటి సంది ఆమెకు అంచనా మీద యాంటీబయాటిక్ సూదులు మొదలుపెడ్తరు. గీ రక్తం పాడైతే మళ్ల పనికొచ్చేది దొరకదు.”

“కలిపితే మనం వెతికేదే సస్తది సార్. చుట్టాన్ని పిలిచి అన్నంల విషం పెట్టినట్టే.”

“పాడైతే ఎవరి పేరు రాయాలె?”

“నా పేరు రాయుండ్రి.”

అనడమైతే అన్నాను గానీ, లోపల భయంగానే ఉంది. ప్రమాదకరమైన క్రిముల కోసం కట్టిన మూసిన గదిలో, మాస్కు బిగించుకుని, పసిపిల్లకు పాలు పట్టినట్టు ఆ కణాలను సాకాను. రంజాన్ నెల. నేను పస్తుండి పురుగులకు విందు చేస్తున్నానని అమ్మీ ఎగతాళి చేసింది. అక్కడ ఆసుపత్రిలో సూదులు పడుతున్నా హన్మవ్వ జ్వరం తగ్గలేదు.

ఒకరోజు చూస్తే కణాల నిండా బుడగలు. మధుకర్ సార్ పెదవి విరిచాడు.

“పాడైనయి. పారెయ్.”

నాకు కోపం నషాళానికంటింది. వేరే క్రిమి పడితే ఫ్లాస్కులో ద్రవం మబ్బుగా మారాలి. ఇది తేటగా ఉంది. ఆయన మాట వినకుండా కణాలకు రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టాను. ఆకుపచ్చ బుడగల్లో ఎర్రటి చుక్కలు, సంతలో జనంలా కిక్కిరిసి ఉన్నాయి. అంత సంతోషం నాకు పరీక్షల్లో ఫస్టు వచ్చినప్పుడూ కలగలేదు. జన్యు పరీక్ష కూడా ఆ మేకల క్రిమి పేరే చెప్పింది.

మధుకర్ సార్ మైక్రోస్కోపులోకి చూశాడు. కుర్చీలోంచి లేచి రిపోర్టు తీసుకున్నాడు.

“నీ పేరే రాస్తున్న,” అన్నాడు.

డాక్టరు మందు మార్చాడు. జ్వరం దిగింది. మాత్రలు ఇంకా చాలాకాలం మింగాలి, కానీ హన్మవ్వ మా ల్యాబు మెట్లు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కింది. కొడుకు రాజేశ్వర్ వెనకే వచ్చాడు. నేను ఫోన్‌లో ఆ ఎర్ర చుక్కల ఫోటో చూపించాను.

“గియ్యేనా నా లోపల ఉన్నయి?”

“ఇవే అవ్వా.”

ఆమె ఫోన్ నా చేతిలోంచి తీసుకుని కొడుకు ముఖానికెదురుగా పెట్టింది.

“సూడు రాజేశ్వర్. గియ్యే నా నకరాలు. లెక్కవెట్టు.”