ఇరువదియేడవ ఔటు

అది జూలై నెల పదునేడవ దినము. ఆర్మూరు బేస్‌బాల్ జట్టువారు నాటి ప్రొద్దున మక్కగారెలును బచ్చిమిరప తొక్కును దిని క్రీడాస్థలమున కేతెంచునప్పటికి నవజలధరచ్ఛాయాశ్యామలమైన గగనము క్రింద లేత పసుపుచేలు మందమారుతమునకు దలలూచుచుండెను. భానుడు మేఘముల మాటుననే నిలిచి యాటగాండ్రను గరుణించెను.

లీగు సగము గడచెను. ఏడాటలలో నారింట నోడియుండిన యా జట్టున బంతి విసరు పిచర్లు ముగ్గురిలో నిరువురు భుజములు నొచ్చి కూర్చుండిరి. నేడును బరాజయమే యైనచో జట్టును రద్దుచేసి సామానుగది తాళపుచెవిని గైకొందుమని సంఘమువారు చెప్పియుండిరి. కావున విశ్రాంతాధ్యాపకుడును శాంతమూర్తియు నగు శిక్షకుడు భూమన్న మిగిలిన లింబాద్రి చేతికే బంతి నొసగెను. లింబాద్రికి బదునెనిమిదేండ్లు. మొన్నటిదాక వాడు క్రికెట్టున బౌలరు.

వాడు విసరిన బంతులు విల్లు వెడలిన నారసములవలె బోయి క్యాచరు గంగారాము చేతితొడుగున నాటుచుండ ప్రత్యర్థులు గాలినే కొట్టిరి. ఇరువదియేడుగురిని ఔటు చేసినగాని ముగియని యా యాటలో నిరువదియార్గు రౌటైరి. ఆర్మూరువారి కొక్క పరుగే యాధిక్యము. కడపటి బ్యాటరు రెండు బంతులు తప్పెను. మూడవదియు దప్పినచో గెలుపు. అప్పుడు ప్రత్యర్థి యొకడు గట్టుపైనుండి యెకసక్కెమాడెను.

“ఓ లింబన్నా! వికెట్లు యాడున్నయని ఎతుకుతున్నవా?”

అంత నా యువకుని చిత్తము చెదరి చేయి పూర్వాభ్యాసవశమున వంగక తిరుగగా బంతి నేలను దాకి యెగసెను. విడిచిపెట్టదగిన బంతి యది. కాని బ్యాటరును క్రికెట్టున బెరిగినవాడే యగుటచే నెగసిన బంతిని జూచి యాగలేక బ్యాటు ఝళిపించి తప్పెను. నేలను దాకిన బంతి గనుక దానికంటె ముందుగా పరుగున దొలి మజిలీయగు మొదటి బేసును జేరెనేని వాడింకను ఔటు గాక బ్రదుకును. ఐనను వాడు బేస్‌బాలున విడిచి పరుగిడవలసిన బరువైన బ్యాటును క్రికెట్టు వాడుకచొప్పున విడువకయే పరుగిడెను! ఱొమ్మున దాకిన బంతిని గంగారాము చేకొని విసరగా నది వానికంటె నొక్క యడుగు ముందు బేసును జేరి యార్మూరువారికి గెలుపు దెచ్చెను.

“నా ఛాతి పలగొట్టినవ్ గదరా లింబా!” యని గంగారాము నవ్వుచు వానిని గౌగిలించెను.

లింబాద్రి భూమన్న యెదుట దలవంచుకొనెను. “భయమైంది సార్. చెయ్యి ఎన్కటి లెక్కనే తిరిగింది.”

“తిరగనియ్ బిడ్డా. ఇరవయ్యారు మందిని బేస్‌బాల్ల ఔట్ చేసినవ్, ఒక్కన్ని క్రికెట్ల చేసినవ్. నాకు ఇరవయ్యేడూ నీవే” యని భూమన్న పల్కెను. భార్య గతించిన పిదప నంతటి గర్వము నాతని కన్నుల నెవ్వరు నెఱుగరు.

సాయంసంధ్య వాలెను. ఆతడు సామానుగదిలో బ్యాట్లను వరుసగా నిలిపి ఎఱ్ఱమన్నంటిన యా బంతిని దుడువక యట్లే పైయరను బెట్టెను. పిదప తాళపుచెవిని దన జేబుననే వైచుకొని తలుపు మెల్లగా మూసెను.