వాక్కాయా, కలేకాయా?

కువైట్‌లో, బ్నీద్ అల్ గార్ పేటలోని ఆ ఇంట్లో పదేళ్ళుగా పనిచేస్తున్నా, పెరటిగోడ పక్కనున్న ముళ్ళపొదను గంగులమ్మ ఏనాడూ సరిగ్గా చూసిన పాపాన పోలేదు. ముల్లు గౌనుకు తగులుకున్నప్పుడల్లా కడప జిల్లా తిట్లు నాలుగు అంటించి వచ్చేసేది. ఇరాకు సైన్యం ఊళ్ళో దిగి నెలయ్యాక, ఇంట్లో చింతపండు నిండుకుని, నిమ్మకాయ ఎలా ఉంటుందో మరచిపోయే పరిస్థితి వచ్చాక, ఆ పొదకు ఎర్రటి పళ్ళున్నాయని ఉన్నట్టుండి ఆమె కంటబడింది.

"కలేకాయలు!" అంది సంబరంగా.

"కాదండీ, వాక్కాయలు," అన్నాడు సాయిబాబు. ఆ ఇంటి డ్రైవరు, అమలాపురం పక్కవాడు. కారును సైనికులు తోలుకుపోయినప్పటినుంచి అతనికి వాదించడానికి బోలెడంత తీరిక.

"ముల్లు రెండు పాయలుగా చీలిండాది, సూడు అబ్బీ. మా గుట్టల్లో ఇట్లాంటివి గంపలకొద్దీ తిన్నదాన్ని, నాకే చెప్తావా?"

"మా దొడ్లో చెట్టే ఉందండీ. ఆయ్, మా అమ్మ చేసిన వాక్కాయ పప్పు ఒక్కసారి తింటే మీరిలా మాట్టాడరు."

మూడురోజులు నడిచింది ఆ పేచీ. చిక్కేమిటంటే కలేకాయ బఠానీగింజంత, వాక్కాయ ఉసిరికాయంత. ఇవేమో కోడిగుడ్డులో సగం ఉన్నాయి. పైగా తుంచితే తెల్లగా పాలు కారాయి.

"గన్నేరు జాతేమో," అంది గంగులమ్మ, చేతిలోది కిందపడేసి.

"చెక్‌పోస్టు దగ్గర సైనికుడికి ఒకటిచ్చి చూద్దామా అక్కా?"

"వాడు సస్తే మనం ఖలాస్."

నవ్వులాటగా ఉన్నా, ఆ పుల్లటి పండుతో గంగులమ్మకు పెద్ద అవసరమే పడింది. వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, కఫీల్, కుటుంబంతో సెలవులకని లండన్ వెళ్ళి అక్కడే చిక్కుకుపోయాడు. ఇంట్లో మిగిలింది అతని ముసలి తల్లి; ఆమెను అక్కడి అలవాటు ప్రకారం అందరూ 'మామా' అంటారు, అంటే అమ్మా అని. రెండిళ్ళ అవతలున్న చెల్లెలు షహర్‌బాను వచ్చి తనతో రమ్మంటే కదలదు. నోరు చేదంటూ వారంగా పళ్ళెం తోసేస్తోంది. చాయ్ తప్ప ఏమీ ముట్టదు. అది చూడలేక గంగులమ్మ ఓరోజు ఆమె తలమీద చెయ్యిపెట్టి, "నువ్వు కడుపునిండా తినందే నేను బస్సెక్కను, ఒట్టు," అనేసింది. ఒట్టంటే ఏమిటో అరబ్బీలో విడమరచి మరీ చెప్పింది. జోర్డానుకు మనవాళ్ళను తీసుకెళ్ళే బస్సు ఒకటి అలాగే పోయింది. రెండోది ఈ శుక్రవారం. రాయచోటిలో ఇద్దరు పిల్లలు తల్లి బతికుందో లేదో తెలియక ఎదురుచూస్తున్నారు. గంగులమ్మను వదిలి కదలడానికి మనసొప్పక సాయిబాబూ ఆగిపోయాడు. పులుపు తగిలితే మామా నోరు బాగుపడుతుందని గంగులమ్మ ఆశ. కానీ విషమైతే?

మరో చోద్యం కూడా జరుగుతోంది. బాగా పండినవి రోజూ పొద్దున్నకల్లా మాయమవుతున్నాయి. సాయిబాబు దొంగచాటుగా తింటున్నాడని ఆమె అనుమానం, గంగులమ్మే దాచుకుంటోందని అతని అనుమానం.

గురువారం మధ్యాహ్నం గంగులమ్మకు తిక్కరేగింది. ఒక పండు కోసి, దేవుడిమీద భారం వేసి కొరికింది. పులుపూ తీపీ కలిసి నోరంతా ఊరింది. వెంటనే పెదవులు రెండూ బంకపెట్టినట్టు అతుక్కున్నాయి. చిన్నప్పుడు గుట్టల్లో అచ్చం ఇలాగే! సబ్బుకు పోదు ఆ జిగురు, నూనె రాయాల్సిందే. రాసుకుని, తనలో తను నవ్వుకుంటూ మామాకు చాయ్ తీసుకెళ్ళింది.

మామా జపమాల తిప్పుతోంది. రెండు పూసలు ఒకదానికొకటి అంటుకుని ముందుకు జరగడంలేదు. పెదవి మూల తెల్లటి బంక ఎండి ఉంది.

గంగులమ్మ చాయ్ కిందపెట్టి దిండు ఎత్తింది. కింద ఖర్జూరపు గింజలు దోసెడున్నాయి.

"ఆ పొద పండ్లు ఎన్నాళ్ళనుంచి తింటాండావు?"

మామా దొరికిపోయిన పిల్లలా చూసింది. "ఇరవై ఏళ్ళనుంచి. పిల్లులు రాకుండా మా ఆయన నాటాడు. మనవళ్ళు కోసుకుపోకుండా విషమని చెప్పాను."

"పేరేంటండీ దానికి?" గుమ్మంలోంచి సాయిబాబు ఆత్రంగా అడిగాడు.

"పేరా? ముళ్ళపొద," అంది మామా.

గంగులమ్మకు నవ్వు రాలేదు. "ఖర్జూరాలు తింటివి, పండ్లు తింటివి. నేను పెట్టే అన్నమే చేదా నీకు?"

"తింటే నువ్వు పోతానన్నావు కదా," అంది మామా మెల్లగా.

ముందు ఒళ్ళు మండిపోయింది గంగులమ్మకు. పోయిన బస్సు, రాయచోటిలో పిల్లలు గుర్తొచ్చారు. మరుక్షణం ఏడుపు ముంచుకొచ్చి మంచం పట్టె మీద కూలబడింది. మామా ఆమె వీపు నిమిరి, "నీ పిల్లలు కూడా నాలాగే తినకుండా కూర్చుంటే ఎట్లా?" అని లేచి నిలబడింది. "యల్లా, కానివ్వండి. ఆ పళ్ళతో ఏదో వండుతామన్నారుగా, వండండి."

సాయంత్రం ఎసట్లో కందిపప్పు ఉడికింది, పండ్లు పడ్డాయి, మిరపకాయలు తాలింపులో వేగాయి. మామా ఎన్నడూ లేనిది వంటింట్లోకి వచ్చి వాళ్ళ పక్కనే నేలమీద కూర్చుంది. పళ్ళెం ఖాళీచేసి, వేళ్ళు నాకి, తిరగేసి చూపించింది.

"ఒట్టు తీరింది. రేపు నా గుడ్డలు షహర్‌బాను ఇంటికి చేర్చి బస్సెక్కండి."

"అచ్చం వాక్కాయ పప్పేనండీ," అన్నాడు సాయిబాబు. ఆ ఒక్కసారికి గంగులమ్మ కాదనలేదు.

మామా మళ్ళీ పళ్ళెం చాపింది. వారంరోజులు తిను తిను అని బతిమాలిన గంగులమ్మకు, ఆ రెండో గరిటె వెయ్యడానికి చెయ్యి రాలేదు.