రెండో కొక్కెం

నిద్రపోతే ఈ పిల్ల నోరు కొంచెం తెరుస్తుంది, చిన్నప్పుడూ అంతే, ఈగ దూరుతదే పొల్లా అంటే చప్పున మూసుకునేది, ఇప్పుడు అందామంటే తల తన భుజం మీదే ఉంది, కదిలితే లేస్తుంది, లేస్తే ఫోన్ వచ్చిందా తాతా అని అడుగుతుంది, లేవకపోవడమే మేలనుకున్నాడు దేవన్న, ఫోన్ లింగంపేటలోనే వచ్చింది మరి, పల్లెవెలుగు బస్సు గుంత గుంతనూ పలకరించుకుంటూ మొక్కజొన్న చేల మధ్య పోతోంది, ఎల్లారెడ్డిలో ఎక్కేటప్పుడే మనవరాలు ఫోన్ తన చేతిలో పెట్టింది, ల్యాబుల నాతోటి పనిచేసే భూమిక ఫోన్ చేస్తది, నువ్వే ఎత్తు తాతా, ఈసారన్నా అది పట్టుకోకుంటే చాలిస్త, కామారెడ్డిల కాలేజీ కాడ దిగి ఇంటర్వ్యూకు పోత, పట్టుకుంటే సీదా స్టేషన్‌కే అంది, కాలేజీ అంటే రోజూ సాయంత్రానికి వందన చెప్పుల చప్పుడు గడపలో, స్టేషన్ అంటే హైదరాబాదు, ఆ ల్యాబు, మళ్లీ పండగ పబ్బాలకే మనిషి.

ఇంతకూ పట్టుకోవాల్సింది ఎవరినే, దొంగనా అని పొద్దున బస్టాండులో చాయ్ తాగుతూ ఎగతాళి చేస్తే, ఓపిగ్గానే చెప్పింది, డీఎన్ఏ పోగు తాతా, తనంత తానే మడతపడి రక్తం గడ్డకట్టించే ప్రొటీన్‌ను వెతికి పట్టుకుంటది, ఆప్టమర్ అంటరు దాన్ని, పట్టుకుంటది గని నీళ్లతోటి కడిగితే ఇడిసిపెడ్తది, మీ మామ కల్లు మానేస్తనన్న మాట లెక్కనా అన్నాడు, చాయ్ పొలమారేలా నవ్వింది, అందుకే రెండిటిని కలిపి కడుతున్నం, ప్రొటీన్‌కు ఈ పక్కొక తావు, ఆ పక్కొక తావు, ఒకటి జారినా రెండోది పట్టుకునే ఉంటది, జారింది ఎటూ పోలేక మళ్ల వచ్చి అంటుకుంటది, ఓస్ గంతేనా, మన పాతాళ గరిగెనే కదనే అన్నాడు, అదొకటి ఉండేది ఇంట్లో, బావిలో పడ్డ బొక్కెనలు తీసే కొక్కేల గుత్తి, ఊరంతటికీ ఒక్కటే, ఎవరు అడిగినా ఇచ్చేవాడు కానీ ఒక బిందె కుదువపెట్టి పోవాలి, లేకుంటే గరిగె తిరిగి రాదు, ఓసారి ఆ గరిగె వేసి లాగితే బొక్కెనకు బదులు బావే పైకొచ్చింది, దాన్ని మళ్లీ లోపలికి దింపేసరికి పొద్దుగూకింది, ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా వందన నవ్వుతుంది, పొద్దునా నవ్వి, ఒక్క కొక్కెంతోటి కాదని అందరికి ఎరికే తాతా, కష్టమంత నడుమ తాడుల ఉంది అంది, గట్టిగుంటదని నేను పొట్టిగ కట్టిన, ఒకటి పట్టుకుంటే రెండోది అవతలికి అందదాయె, ఇప్పుడు పొడుగు తాడుతోటి భూమిక చూస్తుంది, అంది, అని ఖాళీ గ్లాసులోకి చూస్తూ కూర్చుంది, ఆ చూపు తనకు నచ్చలేదు, చిన్నప్పుడు పలక పగిలిన రోజు అట్లాగే చూసింది.

తాతా, నిద్రపోతున్నదా, లేపకండి, మీరే చెప్పండి, పొడుగు తాడుది పట్టుకుంది, ఎంత కడిగినా వదుల్తలేదు, అని లింగంపేటలో ఫోన్ ఎత్తగానే భూమిక గొంతు గంతులేసింది, మంచిది బిడ్డా అన్నాడు, అని ఫోన్ జేబులో వేసుకున్నాడు, ఇంతే జరిగింది, ఫోన్ రాలేదే అనడం ఎంత పని, బావిని పైకి లాగినోడికి ఇదొక బరువా, కాలేజీ ముందు దిగుతుంది, తర్వాత భూమిక ఎప్పుడో చెబుతుంది, అప్పటికి ఉద్యోగం ఖాయమైతే, అయితే ఏం, కాకపోతే ఏం, తాను చెప్పిన కోతలన్నీ కోతలని ఈ పిల్లకు తెలుసు, తెలిసే నవ్వింది ఇన్నేళ్లూ, ఇది మాత్రం నమ్ముతుంది, నవ్వదు, వందన హైదరాబాదు పోయిన ప్రతిసారీ ఏం కుదువపెడ్తవే అని నిలబెట్టేవాడు, జడక్లిప్పు ఒకసారి, పెన్ను ఒకసారి, ఒంటి చెవి కమ్మ ఒకసారి తీసి ఇచ్చి పోయేది, అన్నీ ఇంట్లో గూట్లో ఉన్నాయి, వాటికోసం వచ్చిందా ఇంటికి ఎన్నడైనా, వచ్చినప్పుడు అడిగిందా ఒక్కదాన్ని, గూడు వైపు చూడకుండా వచ్చి తన మంచం పట్టె మీద కూర్చునేది, బావి ముచ్చట చెప్పు తాతా అనేది.

తాడ్వాయి వచ్చింది, లెవ్వే, నీది పట్టుకున్నదట, కడిగినా వదుల్తలేదట అన్నాడు, వందన కళ్లు నలుపుకుంది, పో తాతా, నీ బావి ముచ్చట లెక్కనే అంది, ఒట్టు బిడ్డా అన్నాడు, నీ కోతలు నాకెరుకలేదా అంది, ఒక్క నిజం చెప్తే ఇదీ నా బతుకు అనుకుంటూ ఫోన్ తీసి ఇచ్చాడు, ఆమె భూమికతో మాట్లాడుతోంది, మాట్లాడుతూనే తన చెయ్యి దొరకబుచ్చుకుని గట్టిగా నలిపింది, బొటనవేలు నొప్పి పుట్టింది, ఎంత బలమే నీకు, కాలేజీ కాడ కండక్టర్ కేకేశాడు, ఎవరూ లేవలేదు, రైట్ అన్నాడు, స్టేషన్ ముందు దిగి వందన తనంత తానే చేతి గడియారం విప్పబోయింది, కుదువ తాతా, వద్దే అన్నాడు, ఉంచుకో, ఎందుకు తాతా, అలిగినవా, లేదే, గరిగెను బావిలోకి వదిలినప్పుడు తాడు చేతులమీదుగా సర్రున జారిపోయేది, ఎంత లోతుకు పోయినా ఒక్కనాడూ గుండె జారలేదు, లోతుకు పోతేనే కొక్కెం తగిలేది, చేతికి ఆ చిన్న గుంజు తెలిసేది, పిల్ల మెట్లెక్కి వెనక్కి చూసి చెయ్యి ఊపుతోంది, అదిగో, తగిలింది.