కాటా మీద అత్తయ్యగారు

సోమవారం పొద్దున్నే అత్తయ్యగారు గాజులు తీసేసేవారు. మెడలో పుస్తెలతాడు తప్ప ఒంటి మీది బంగారమంతా నా చేతిలో పోసి, ఉన్నవాటిలోకెల్లా పల్చటి వాయిల్ చీర కట్టుకునేవారు. మేం తిరిగొచ్చేదాకా ఆ గాజులు నేనే వేసుకుని తిరగడం నాకు పండగలా ఉండేది. "దేవిగారు ఇవాళ పూర్తి అలంకారంలో ఉన్నారు" అనేవారు శ్రీకాంత్. మా పెళ్ళయి అప్పటికి నాలుగు నెలలు. ఆయన ఏమన్నా నాకు నవ్వొచ్చే రోజులు.

అంత నవ్వులోనూ ఇంట్లో ఒక భయం ఉండేది. అత్తయ్యగారి మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. మంచం దిగాలంటే ఇద్దరు పట్టుకోవాలి. రాజమండ్రి డాక్టరుగారు ఆపరేషన్ చేస్తానన్నారు గానీ, "తొంభై రెండు కిలోల మనిషికి మత్తివ్వడానికి నాకు ధైర్యం చాలదండి. ఎనభై దరిదాపుల్లోకి తీసుకురండి" అన్నారు. తీసుకురాలేకపోతే ఇక చక్రాల కుర్చీయే.

శ్రీకాంత్ అక్కగారు హైమ వదిన, భీమవరంలో కొత్తగా పెట్టిన స్లిమ్మింగ్ సెంటర్‌లో అత్తయ్యగారిని చేర్పించారు. అక్కడ వారం వారం తూకం, ఏ పూట ఏం తినాలో రాసిచ్చిన కాగితం, డబ్బాలో పొడి, నడుముకి వణికే బెల్టు. మావయ్యగారు పాపారాజుగారికి ఇదేదీ నచ్చలేదు. "మన నోరు మనం కట్టుకోవడానికి ఇంకొకళ్ళకి ఫీజేంటి? ఇంట్లోనే తగ్గి చూపిస్తాను" అని రాత్రిళ్ళు అన్నం మానేశారు. బదులుగా పెసరట్లు, వాటి మధ్యలో ఉప్మా, పైన నెయ్యి. అన్నం ముట్టలేదు కాబట్టి ఆయన దృష్టిలో అది ఉపవాసమే.

"ఇదేం డైటింగండీ మావయ్యగారూ?"

"టిఫినే కదమ్మా" అనేవారు, ఇంకో అట్టు వేయించుకుంటూ.

సెంటర్ మాత్రం పనిచేస్తున్నట్టే కనిపించింది. హైమ వదిన రాజమండ్రి నుంచి ఫోన్ చేసి, "చూశావా సత్యా, మీ నాన్నగారి పెసరట్టు వైద్యమైతే ఈపాటికి అమ్మ వంద దాటేది" అని తండ్రి మీది కోపం కూడా నా మీదే తీర్చుకునేవారు. మా నాన్నగారు కాదు వదినా, మీ నాన్నగారే అని నేను నవ్వేదాన్ని. అత్తయ్యగారు ఎనభై నాలుగుకి దిగారని తెలిసిన రోజు శ్రీకాంత్, నేనూ మేడ మీద దొంగచాటుగా ఒక పూతరేకు పంచుకున్నాం.

ఆ తరవాతి ఆదివారం అత్తయ్యగారు కడుపు బాగాలేదని ఏమీ తినలేదు. సోమవారం పొద్దున చూస్తే మంచం పక్కన నేను పెట్టిన నీళ్ళచెంబు పెట్టినట్టే ఉంది. కారులో ఆవిడ పెదవులు పొలుసులు కట్టి ఉన్నాయి.

"కొంచెం నీళ్ళు తాగండి అత్తయ్యగారూ."

"తూకం అయ్యాక."

సెంటర్ మెట్ల దగ్గర నా భుజం మీద చెయ్యి వేసి, ఒక మెట్టు ఎక్కి, అలాగే నా మీదికి ఒరిగిపోయారు. నేను మోయలేక ఆవిడతోపాటే మెట్ల మీద కూలబడ్డాను. పిలిస్తే పలకలేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. నా చేతికున్న ఆవిడ గాజులు ఒకటే చప్పుడు చేస్తున్నాయి. లోపలివాళ్ళని కేకేశాను.

ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. "ఈవిడ తగ్గించుకున్నదాంట్లో సగానికి పైగా ఒంట్లో నీరే. ఇంకోసారి ఇలా ఎండబెట్టుకుంటే గుండె తట్టుకోదు" అన్నారు అక్కడి డాక్టరు. తేరుకున్నాక తూస్తే ఎనభై తొమ్మిది.

సాయంత్రానికి హైమ వదిన వచ్చారు. "తల్లి నీళ్ళు తాగుతోందో లేదో చూసే మనిషి లేదా ఇంట్లో? గాజులు వేసుకోవడానికైతే ఉంది" అన్నారు. నేను తల దించుకుని గాజులు ఒక్కొక్కటే తీసి తలగడ దగ్గర పెట్టాను.

వదిన టీ కోసం బయటికెళ్ళాక అత్తయ్యగారు గోడవైపు తిరిగి చెప్పారు. "తూకం చూసి, పేరు పెట్టి పైకి చదువుతారే. తగ్గితే చప్పట్లు. తగ్గకపోతే ఎవరూ మాట్లాడరు. మనూరి పల్లంరాజుగారి భార్య ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉంటాది. కాపరానికొచ్చాక నలుగురిలో నిలబడి ఎరగనే నేను. ఆ కాగితంలో రాసింది మంచి తిండే, అదే తిన్నాను. ఏదో వారం ముల్లు కదలదేమోనని ముందురోజు నోరు కట్టేసుకునేదాన్ని." దుప్పటి పైకి లాక్కుని, "ఆపరేషనూ వద్దు, ఏమీ వద్దు. మంచం మీదే ఉంటాను" అన్నారు.

ఆవిడ ఒకటి అన్నారంటే అన్నట్టే. ఇంటికొచ్చాక వారం రోజులు మావయ్యగారు బతిమాలినా, వదిన ఏడ్చినా మాట మార్చలేదు.

ఆదివారం మా రొయ్యల చెరువు పట్టుబడి అయిపోయి, కూలివాళ్ళు వెళ్ళిపోయాక, అత్తయ్యగారిని ఎక్కించిన కారు తిన్నగా షెడ్డు గుమ్మంలోకి తెప్పించాను. రొయ్యలు తూచే కాటా కడిగించి గోనెపట్టా పరిచాను. శ్రీకాంత్ షట్టరు దించేశారు.

"ఇక్కడికెందుకే తీసుకొచ్చావు? నీచు వాసన" అన్నారు అత్తయ్యగారు, కుర్చీలోంచి.

"ముందు నేను" అని ఎక్కాను. కొత్త దంపతులని పిలిచి విందులు పెట్టిన చుట్టాలందరి పుణ్యమా అని, పెళ్ళికి ముందున్నదాని మీద ఏడు కిలోలు ఎక్కువ. పైకే చదివాను. "ఆ ఏడూ బొబ్బట్లే" అన్నారు శ్రీకాంత్. తరవాత మావయ్యగారు మీసం సవరించుకుని ఎక్కారు. ఉపవాసాలు మొదలెట్టిన దగ్గర్నుంచి మూడు కిలోలు పెరిగారు.

"కాటా తప్పు" అన్నారాయన.

"రొయ్యలు కొనే వ్యాపారుల ముందు అనకండి ఆ మాట" అన్నారు అత్తయ్యగారు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆవిడ నవ్వడం అదే మొదలు.

కొంచెంసేపటికి చెయ్యి చాపారు. నేనూ శ్రీకాంత్ పట్టుకుని ఎక్కించాం. "అందరూ అటు తిరగండి" అన్నారు. గోడవైపు తిరిగి నిలబడ్డాం. గుండు జరుగుతున్న చప్పుడు, ఆవిడ ఊపిరి, అంతే. ఎంతో చెప్పలేదు. మేం అడగలేదు. దిగి, "మజ్జిగ తెచ్చావా?" అన్నారు.

ఆ తరవాత సెంటర్ వాళ్ళు రాసిచ్చిన తిండి మా వంటింట్లో, వారం వారం తూకం మా షెడ్డులో. మావయ్యగారికి రాత్రికి ఒక్క పెసరట్టే, ఉప్మా లేకుండా. తగ్గడం మునుపటికన్నా నిదానమైంది. ఒక్కోవారం అసలు ఉండేది కాదని ఆవిడ ముఖం చూస్తే తెలిసేది. అయినా చెంబులో నీళ్ళు మాత్రం అయిపోయేవి.

వానలు వెనకబట్టాక రాజమండ్రి వెళ్ళాం. డాక్టరుగారి గదిలో తూకం దగ్గర నర్సు నిలబడి ఉంది. గది బయట నలుగురు రోగులు. అత్తయ్యగారు గాజులు తియ్యలేదు. నా చేతిలో సీసా అందుకుని, సగం పైగా నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని ఎక్కారు.

"గట్టిగానే చెప్పమ్మా" అన్నారు నర్సుతో.

"ఎనభై ఒకటి."

డాక్టరుగారు రక్తపరీక్ష కాగితాలు ఒకటికి రెండుసార్లు చూశారు. హైమ వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"దసరా వెళ్ళగానే చేరండి. ముందు కుడికాలు చేద్దాం" అన్నారాయన.