వెచ్చని స్క్రూలు నాలుగు

పొద్దున్న ఏడున్నరకి ట్రేలక్క పని మొదలయ్యేది. ఆసుపత్రి అడుగు అంతస్తులో, కిటికీ లేని గదిలో, ఆపరేషన్ సామాన్లు కడిగి, ఆరబెట్టి, ట్రేలలో పేర్చి, నీలం గుడ్డలో మూటగట్టి ఆవిరి యంత్రంలోకి తోయడం ఆవిడ పని. పంతొమ్మిదేళ్ళుగా అదే పని కాబట్టి అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు.

నడుం ఆపరేషన్ల సెట్టు వచ్చిన రోజు మాత్రం కాస్త నిదానంగా చేసేది. జారిన వెన్నుపూసని కింది పూసతో కలిపి బిగించే స్క్రూలు, రాడ్లు అందులో ఉంటాయి. పేరుస్తున్నప్పుడు, మర్నాడు ఎవరి వెన్నులోకో వెళ్ళబోయే స్క్రూలు వేళ్ళకి వెచ్చగా తగులుతాయి. మిగతావి మామూలు లోహంలా చల్లగా ఉంటాయి. ఈ సంగతి ఆసుపత్రిలో అందరికీ తెలుసు. వెన్నెముక డాక్టరు స్కాన్ చూసి కొలతలు రాసుకున్నాక కూడా ఫోన్ చేసి, ఏవి వెచ్చగా ఉన్నాయో అడిగి, టిక్కు పెట్టుకునేవాడు.

అలాంటి ట్రేలక్కకే పూస జారింది. నడుంలో ఐదో పూస కిందిదాని మీంచి ముందుకి వచ్చేసి నరాన్ని నొక్కిపట్టింది. పది నిమిషాలు నిలబడితే చాలు, పిరుదు నుంచి మడమ దాకా కరెంటు పాకినట్టుండేది. మందులు మింగింది, బెల్టు కట్టింది, వ్యాయామాలు చేసింది. ఏడాది చూసి, ఇక బిగించక తప్పదన్నాడు డాక్టరు.

అసలు తంటా అక్కణ్ణుంచి మొదలైంది. మొదటిసారి ఇచ్చిన తేదీకి ముందు రోజు తన ట్రే తనే పేర్చుకుంది. ఒక్క స్క్రూ కూడా వెచ్చబడలేదు. సాయంత్రానికి ఆవిరి యంత్రం పాడైంది. రెండోసారి అనుమతి కాగితంలో నడుముకి బదులు మెడ అని పడింది. దిద్దించుకుందామని వెళ్తే, దిద్దే గుమాస్తా సెలవులో ఉన్నాడు. మూడోసారి, ఆ రోజు ఇంకో నడుం కేసు లేదు కాబట్టి, ఒక్క మనిషి కోసం సెట్టు ఉంచడం కుదరదని, సెట్లు అద్దెకిచ్చే కంపెనీ వాళ్ళు వెనక్కి పట్టుకుపోయారు.

మూడుసార్లూ స్క్రూలు ముందే చెప్పాయి. జిరాక్సు షాపు మూసి ఇంటికొచ్చిన మొగుడు చెప్పులు విడుస్తూ, "ఇవాళా చల్లగానే ఉన్నాయా?" అని అడిగేవాడు, వాన పడిందా అని అడిగినట్టు. ఆవిడకి ఒళ్ళు మండిపోయేది. అడ్డమైనవాళ్ళ నడుములకీ వెచ్చబడే స్క్రూలకి తన నడుం దగ్గరికొచ్చేసరికి ఏం రోగం? "పంతొమ్మిదేళ్ళు తోమాను మిమ్మల్ని. ఆ మాత్రం విశ్వాసం ఉండక్కర్లా?" అని ఒకరోజు ట్రే మీద విరుచుకుపడింది కూడా.

నాలుగోసారి తేదీ ఇచ్చారు. ఆ రోజు రెండు కేసులు. ఎనిమిదింటికి ఒక బడి డ్రిల్లు మాస్టారు, పదకొండింటికి ట్రేలక్క. మనుషులు తక్కువున్నారని ముందు రోజు కూడా ఆవిడ చేతే పని చేయించుకున్నారు. మధ్యాహ్నం స్టూలు మీద ఒక పక్కకి ఒరిగి కూర్చుని స్క్రూలు పేరుస్తోంది. నలభై మిల్లీమీటర్ల వరస దగ్గర వేలు ఆగింది. వెచ్చగా ఉంది. పక్కదీ వెచ్చగానే ఉంది. మొత్తం నాలుగు. నలభై తన కొలతే. మళ్ళీ కడగాల్సి వస్తుందని తెలిసీ గ్లోవు తీసేసి పట్టుకుంది. నిద్రపోతున్న పసిపిల్ల పాదంలా ఉంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

తర్వాత యాభైల వరస తడిమింది. ఆరడుగుల మాస్టారికి కావలసినవి అవి. చల్లగా ఉన్నాయి. అటూ ఇటూ ఉన్న కొలతలు కూడా చూసింది. అవీ అంతే.

ఎందుకు చల్లగా ఉన్నాయో స్క్రూలు చెప్పవు. జరగనిది ఎలాగూ జరగదు, నోరు మూసుకుంటే పోయేదేముంది అనుకుంది. కానీ ఏళ్ళ కిందట ఒకసారి చల్లని ట్రే సంగతి చెప్పడం మర్చిపోతే, ఆ రోగికి మత్తు ఇవ్వగానే ప్రాణం మీదికొచ్చింది. చెబితే మాత్రం డాక్టరు మాస్టారి కేసు ఆపుతాడు. మిగిలేది ఒక్క కేసు. సెట్టు వెనక్కి పోతుంది. వెచ్చనివి చల్లారిపోవడం కూడా ఆవిడ చూసింది.

కప్పులో టీ తాగకుండానే చల్లారింది. ఫోన్ తీసింది.

"డాక్టరుగారూ, నలభైలు నాలుగు వెచ్చగా ఉన్నాయండి."

"హమ్మయ్య, మీ పని అయినట్టే. మాస్టారివో?"

ఆవిడ యాభైల వరస ఇంకోసారి తడిమింది. "చల్లగా ఉన్నాయండి. అన్నీ."

డాక్టరు విసుక్కున్నాడు. స్కాన్‌లో జారిన పూస కళ్ళెదుట కనిపిస్తోంటే ఇప్పుడిదేమిటన్నాడు. అయినా వార్డుకి వెళ్ళి, మాస్టారిని పడుకోబెట్టి, మోకాలు మడిచి కాలు లోపలికి తిప్పాడు. మాస్టారు పంటి బిగువున మంచం పట్టె పట్టుకుని, తను నాలుగు నెలలుగా మొత్తుకుంటున్న నొప్పి అదేనన్నాడు. ఎక్స్‌రే తీస్తే తుంటి కీలు అరిగిపోయి ఉంది. నడుంలో పూస జారిన మాట నిజమే గానీ, అది ఏ చిన్నప్పుడో జారి, ఎవరి జోలికీ పోకుండా కూర్చుంది. వెన్ను కోసినా నొప్పి నొప్పిలాగే ఉండేది.

మాస్టారేం సంతోషించలేదు. పెట్టిన సెలవంతా దండగయిందని, తుంటి డాక్టరు దగ్గర మళ్ళీ మొదట్నుంచీ లైను కట్టాలా అని నర్సుల మీద ఎగిరాడు.

ఐదింటికి కంపెనీ తరఫున సెట్లు తెచ్చే పెద్దాయన వచ్చాడు. అందరూ ఆయన్ని బాబాయ్ అంటారు. కేసు తగ్గిన కబురు అప్పటికే అందింది. ఆవిడ మొహం చూడకుండా, తన చేతుల్లో ఏముందమ్మా అన్నాడు.

"తీసుకుపో బాబాయ్," అంది ట్రేలక్క. పోట్లాడే ఓపిక కూడా అయిపోయింది. "తీసుకుపోయి మీ గోడౌన్లో దాచుకోండి. నేనిలాగే కుంటుకుంటూ తోముతుంటాను."

ఆయన ట్రే ఎత్తబోయి, అడుగున చెయ్యి పెట్టి ఆగాడు. నలభైల వరస మీద వేలు ఆనించాడు. ట్రే బల్ల మీదే వదిలేసి ఆఫీసుకి ఫోన్ చేశాడు.

"సార్, ఒక్క కేసే. అయినా సెట్టు ఇక్కడే ఉంచుతున్నాను. రూలు తెలుసు సార్. స్క్రూలు వెచ్చగా ఉన్నాయి."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు. "ఎన్ని?"

"నాలుగు."

"నాలుగూ వెచ్చబడ్డాయంటే ఇంకేం చేస్తాం, ఉంచెయ్."

మర్నాడు మాస్టారి ఖాళీలో ఎనిమిదింటికే ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్ళారు. మూడో రోజు వాకరు పట్టుకుని వరండా చివరిదాకా నడిచింది. మడమలో కరెంటు లేదు. కుట్లు సలుపుతున్నాయి. దాని మీదా విసుక్కుంటూనే నడిచింది. తుంటి డాక్టరు గది బయట బెంచీ మీద మాస్టారు మొహం ముడుచుకుని కూర్చుని ఉన్నాడు.

"చల్లగా ఉన్నాయని చెప్పింది మీరేనటగా," అన్నాడు. "నాకు మళ్ళీ నాలుగు నెలల తర్వాతట తేదీ."

"అప్పటికి నేను పనిలోకి వచ్చేస్తానండి," అంది ట్రేలక్క. "మీ ట్రే నేనే పేరుస్తాను."

మాస్టారు ఆవిణ్ణీ, వాకరునీ కాసేపు చూశాడు.

"సరిగ్గా తడిమి చూడండి మరి," అన్నాడు.